హబ్బుకూ చక్రానికీ మధ్య పనితనం

సుజుకీ జిమ్నీ చక్రాన్ని ఒకసారి విప్పి బోర్లా వేసి చూడండి. నడుమ 108 మిల్లీమీటర్ల రంధ్రం, దాని చుట్టూ 139.7 మి.మీ. వలయం మీద ఐదు నట్ల రంధ్రాలు, హబ్బుకు ఆనుకునే చదునైన ముఖం కనిపిస్తాయి. ఆ ముఖం రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమధ్యన ఉండదు. 5 మి.మీ. బయటివైపు జరిగి ఉంటుంది. ఇదే ప్లస్ 5 ఆఫ్‌సెట్. ముఖం ఎంత బయటికి జరిగితే చక్రం అంత లోపలికి పోతుంది. ఆఫ్‌సెట్ మైనస్‌లోకి వెళితే చక్రం బయటికి వస్తుంది.

ఆ 5 మి.మీ. ఆషామాషీగా పెట్టింది కాదు. బండి బరువు బేరింగ్ మీద ఏ చోట పడాలి, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు కింగ్‌పిన్ గీతకు (చక్రం దేని చుట్టూ మళ్లుతుందో ఆ గీతకు) ఎంత దూరంలో తిరగాలి, లోపలి సామాను టైరుకు తగలకుండా ఎంత ఖాళీ ఉండాలి అన్న లెక్కలన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. బిందెను నడుం మీద పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే చక్రాన్ని బయటికి జరిపినప్పుడు బేరింగ్‌కు తెలుస్తుంది. బండరాయి తగిలితే స్టీరింగ్ కూడా చేతిని గట్టిగా లాగుతుంది.

అయినా జరపాలనిపించడానికి కారణం ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం, అంటే ట్రాక్, పెరిగితే పక్కవాలులో బండి నిలకడగా ఉంటుంది. మారుతీ 1993లో జిప్సీ ట్రాక్‌ను 90 మి.మీ. పెంచి, ముందు 1,300, వెనక 1,310 మి.మీ. చేసింది. నేటి జిమ్నీకి ముందు 1,395, వెనక 1,405 ఉంది.

వెడల్పు టైరు కావాలనుకునేవారు ముందు రిమ్ము లెక్క వేసుకోవాలి. జిమ్నీతో వచ్చే 5.5 అంగుళాల వెడల్పు రిమ్ము తీసి, సున్నా ఆఫ్‌సెట్ ఉన్న 7 అంగుళాల రిమ్ము బిగిస్తే చక్రం బయటికి 24 మి.మీ., లోపలికి 14 మి.మీ. పెరుగుతుంది. అదే మైనస్ 10 అయితే లోపలికి 4 మి.మీ. మాత్రమే, బయటికి 34. ఇక పాత రిమ్మునే ఉంచి, హబ్బుకూ చక్రానికీ మధ్య 30 మి.మీ. మందం దిమ్మె, అంటే స్పేసర్, పెడితే ఆఫ్‌సెట్ మైనస్ 25 అవుతుంది, ట్రాక్ 60 మి.మీ. పెరుగుతుంది.

మెచ్చుకోదగ్గ పనితనమంతా ఆ స్పేసర్లోనే ఉంది. మంచిది ఫోర్జింగ్ చేసిన అల్యూమినియం దిమ్మె నుంచి తరుగుతారు. దాని లోపలి రంధ్రం హబ్బు అంచు మీద వదులు లేకుండా కూర్చుంటుంది. బయటి ముఖం మీద అదే కొలతతో మరో అంచు లేచి చక్రాన్ని నడిమధ్యన నిలుపుతుంది. రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి. తేడా ఉంటే చక్రం ఊగుతుంది. స్పేసర్‌ను హబ్బుకు బిగించే నట్లు గుంటల్లో దాగి, చక్రం ముఖానికి అడ్డురాకుండా ఉంటాయి. చక్రం బిగించడానికి దాని స్టడ్డులు దానికే ఉంటాయి. ఇక్కడ భారం మోసేది స్టడ్డులు కాదు. అవి సాగి బిగపట్టిన ముఖాల మధ్య పుట్టే ఒరిపిడి. అందుకే ముఖం మీద తుప్పు, మట్టి, మందపు రంగు పొర ఉంటే ఎంత బిగించినా కొద్దిరోజుల్లో వదులు కావచ్చు.

సొంత స్టడ్డులు లేని పలుచని పలకలు ఈ కోవలోకి రావు. వాటివల్ల అసలు స్టడ్డు మీద నట్టు పట్టే మరలు తగ్గిపోతాయి. ఇక 25 మి.మీ. లోపు మందం స్పేసర్లలో పాత స్టడ్డు ముందుకు పొడుచుకు రావచ్చు. రిమ్ము వెనక అందుకు తగ్గ గుంటలు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

బిగించేటప్పుడు నక్షత్రం వరుసలో, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. కొద్ది దూరం నడిపాక చక్రం విప్పి లోపలి నట్లు కూడా మళ్లీ చూడాలి. ఆర్సీ వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కనుక ఆర్టీఓనూ, బీమా సంస్థనూ ముందే అడగండి.

నా తీర్పు ఇది: అవసరమైన ఆఫ్‌సెట్‌తో మంచి రిమ్ము దొరికితే స్పేసర్ వద్దు. దొరక్కపోతే హబ్బుకు సరిగ్గా కూర్చునే స్పేసరే కొనండి. చవకది దొరికిందని రాజీపడకండి.