ఎసరు ఎవరిది?

నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన ‘అగ్లీ డెలీషియస్’ మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ పేరు ‘ష్రింప్ అండ్ క్రాఫిష్’. షెఫ్ డేవిడ్ చాంగ్ ఇందులో న్యూ ఆర్లీన్స్‌నీ హ్యూస్టన్‌నీ ఎదురెదురుగా కూర్చోబెడతాడు. తగాదా వినడానికి చిన్నదే. క్రాఫిష్‌కి రుచి ఎప్పుడు పట్టాలి? ఉడికేటప్పుడా, ఉడికాకా?

క్రాఫిష్ అంటే మంచినీటి జీవి. చూస్తే రొయ్యకి ఎండ్రకాయ డెక్కలు తగిలించినట్టుంటుంది. లూసియానాలో పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి, కారం, ఆవాలు, ఆకులు, నిమ్మకాయలు వేస్తారు. బంగాళాదుంపలు, మొక్కజొన్న పొత్తులు కూడా అందులోనే. మంట ఆపాక కాసేపు ఆ నీళ్లలోనే నాననిస్తారు. కారం పెంకు దాటి లోపలికి దిగేది అప్పుడే. తర్వాత పేపర్లు పరిచిన బల్ల మీద కుమ్మరించి, అందరూ చుట్టూ నిలబడి చేతుల్తో తింటారు. హ్యూస్టన్ వియత్నామీయులు ఇలా ఉడికించిన దాన్ని మళ్లీ కరిగిన వెన్నలో, బోలెడు వెల్లుల్లిలో దొర్లిస్తారు. రుచి కండలో ఉండాలి గానీ పెంకు మీద కాదన్నది న్యూ ఆర్లీన్స్ వాదన.

ఎపిసోడ్ మనసు హ్యూస్టన్ వైపే. నాదీ అటే. ‘అసలైన’ కేజన్ వంట అంటున్నవాళ్ల పూర్వీకులు కూడా వలస వచ్చినవాళ్లే కదా. 1755 నుంచి ఇప్పటి కెనడాలోని అకేడియా నుంచి బ్రిటిష్‌వాళ్లు తరిమేస్తే లూసియానా బురదనేలలకి చేరారు. క్రాఫిష్‌ని చాలాకాలం పేదల తిండిగానే చూశారు. బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊరికి ‘ప్రపంచ క్రాఫిష్ రాజధాని’ అన్న బిరుదు వచ్చింది 1959లో. అంటే, సంప్రదాయం అనే గౌరవం ఈ వంటకి కాస్త ఆలస్యంగానే దక్కింది.

అయితే ‘సంప్రదాయం ఎందుకు మారకూడదు?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే సరిపోదనిపిస్తుంది. ఈ తీరంలో గొడవ వెల్లుల్లితో మొదలవలేదు. 1975 తర్వాత శరణార్థులుగా వచ్చిన వియత్నామీయులు టెక్సస్ తీరంలో పడవలు కొనుక్కుని వేటకి దిగారు. 1979లో సీడ్రిఫ్ట్ అనే ఊళ్లో ఘర్షణ ముదిరి ఒక తెల్ల జాలరి చనిపోయాడు, వియత్నామీయుల పడవలు తగలబడ్డాయి. 1981లో గాల్వెస్టన్ అఖాతంలో కు క్లక్స్ క్లాన్ ముసుగులతో, తుపాకులతో పడవెక్కి బెదిరించింది. కోర్టు ఆపితే గానీ ఆగలేదు. వాళ్ల పోట్లాట ఈ నీళ్లలో వేటాడే హక్కు ఎవరిదన్న దాని మీద.

ఆ నీళ్లలోకి ఇప్పుడు మన రొయ్య కూడా వచ్చింది. 2009లో వనామీ సాగుకి అనుమతి వచ్చాక ఆంధ్ర దేశంలోనే ముందుకొచ్చింది. ఆ సరుక్కి అమెరికా పెద్ద కొనుగోలుదారు. చవక దిగుమతులు తమ బతుక్కి ఎసరు పెట్టాయని అక్కడి జాలర్ల మొర. భారత రొయ్యల మీద అమెరికాలో యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచీ ఉంది. దిగుమతి రొయ్య, క్రాఫిష్ వడ్డిస్తే ఆ సంగతి మెనూలో రాయాలని లూసియానా 2019లో చట్టమే చేసింది. ఇటు భీమవరం చుట్టుపక్కల వరిచేలు చెరువులయ్యాయి. ఆక్వా పార్కు వస్తే తాగేనీళ్లు పాడవుతాయని తుందుర్రు జనం రోడ్డెక్కారు. అంటే ఒకే రొయ్య మీద రెండు తీరాల్లోనూ ఫిర్యాదులున్నాయి.

మన తిండి రాతల్లో ఇది కనిపించడం అరుదు. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెతతో మొదలుపెట్టి, మట్టి దాక, బెండకాయ, అమ్మమ్మ చేతి మహిమ దాకా వెళ్లి ఆగిపోతాం. వరద గోదారికి ఎదురీదే ఆ చేప కోసం రాత్రి వల వేసినవాళ్లు, తెల్లారి బుట్టతో రేవు దగ్గర కూర్చున్న ఆవిడ ఆ వ్యాసాల్లో మాట్లాడరు. పుస్తెలు అమ్ముకునే ఇల్లాలి గురించైనా ఒక వాక్యం ఉండదు.

చాంగ్ ఎపిసోడ్ తప్పక చూడండి. ఒక వంటకం చుట్టూ ఎంత చరిత్ర చుట్టుకుని ఉంటుందో తెలుస్తుంది. చూశాక మాత్రం, ఈసారి రొయ్యల ఇగురు గురించి రాసేటప్పుడు, అది ఏ చెరువుదో, ఎవరు పట్టారో, పెంకు ఎవరు వలిచారో కూడా కనుక్కుని రాద్దాం.