విశాఖ దంతపు పెట్టె: అసలేదో, విలువెంతో

పాత భారతీయ వస్తువుల విదేశీ వేలం జాబితాల్లో ‘వైజాగపటం’ అనే మాట కనిపిస్తుంటుంది. అది మన విశాఖపట్నమే. 18వ శతాబ్దంలో ఈ తీరానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ దొరలు తమ దేశపు నమూనాలు చూపించి ఇక్కడి కంసాలుల చేత కుర్చీలు, బీరువాలు, రాతపెట్టెలు చేయించుకున్నారు. 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్న దంతపు కుర్చీలు కూడా ఈ ఊరి పనే. అంతకుముందు అవి మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్‌వి.

పనితనంలో రెండు దారులున్నాయి. తొలినాళ్లలో ఇరుగుడు వంటి ముదురు రంగు చెక్కలో లతలూ పువ్వులూ తొలిచి, ఆ గుంటల్లో దంతపు ముక్కలు పొదిగేవారు. తర్వాత గంధపు చెక్క పెట్టె నిండా పలుచటి దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద బొమ్మలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపడం వాడుకలోకి వచ్చింది.

ఆ లక్క గీత మీద భూతద్దం పెడితే చాలా సంగతులు బయటపడతాయి. చేత్తో గీసిన గీత ఒకచోట లోతుగా, ఒకచోట సన్నగా సాగుతుంది. మలుపు దగ్గర పనిముట్టు ఆగి మళ్లీ కదిలిన జాడ ఉంటుంది. అచ్చు పోసిన నకలులో గీతలన్నీ ఒకే తీరు. అక్కడక్కడా లక్క రాలిపోయి ఉంటే కంగారు పడనక్కర్లేదు, వయసు మీద పడిన పెట్టెకు అది సహజం. మూత తీసినప్పుడు లీలగా గంధపు వాసన వస్తే మరో ఆధారం దొరికినట్టే.

ఇక పదార్థం సంగతి. ఎముకను ఎంత నున్నగా చేసినా, ఒకప్పుడు నెత్తురు పారిన నాళాలు సన్నటి నల్ల చుక్కల్లా, గాట్లలా మిగులుతాయి. సెల్యులాయిడ్‌లో చారలు మరీ పద్ధతిగా, ఒకదాని పక్కన ఒకటి గీసినట్టుంటాయి. దంతాన్ని అడ్డంగా కోస్తే ఆ ముఖం మీద ఒకదాన్నొకటి ఖండించుకునే గీతల వల కనిపిస్తుంది. వీటిని ష్రేగర్ గీతలంటారు. వెలుపలి అంచు దగ్గర వాటి మధ్య కోణం 115 డిగ్రీలు దాటితే ఏనుగుది, 90 లోపుంటే మామత్‌ది. మధ్యలో ఉంటే కోణాన్ని బట్టి తేల్చలేం. నిలువుగా కోసిన రేకులో ఈ వల కనిపించదు, అలల్లాంటి పొడవాటి చారలే ఉంటాయి.

కాల్చిన సూది గుచ్చి చూడమనేది పాత సలహా. అసలు వస్తువుకు మచ్చ పడుతుంది, సెల్యులాయిడ్ అయితే అంటుకుంటుంది. అతినీలలోహిత దీపం నయం: దాని కింద దంతం నీలం కలిసిన తెలుపులో మెరుస్తుంది.

పెట్టె అసలుదైనంత మాత్రాన అందులోని ప్రతి ముక్కా దంతం కానక్కర్లేదు. 19వ శతాబ్దపు విశాఖ పెట్టెల్లో దుప్పి కొమ్ము, ఏదుముళ్లు, తాబేటి చిప్ప కూడా వాడారు. రాలిన రేకు స్థానంలో తర్వాతెప్పుడో ఎముకో ప్లాస్టిక్కో అతికించి ఉండొచ్చు. అందుకే ఒక మూల చూసి మొత్తానికి తీర్పు చెప్పకూడదు.

ఇంత పరీక్షా నెగ్గినా మనదేశంలో దంతాన్ని కొనడానికి వీల్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగుల దంతపు వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతపు వ్యాపారాన్ని ఆపేశాయి. తాతల నాటి పెట్టె వారసత్వంగా వస్తే 90 రోజుల్లో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. అమ్ముకునే హక్కు మాత్రం ఉండదు.

బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమలవుతున్న చట్టం కొన్ని మినహాయింపులిచ్చింది. 1947కు ముందుదై, మొత్తం పరిమాణంలో దంతం 10 శాతం లోపే ఉంటే, నమోదు చేయించి అమ్మవచ్చు. విశాఖలోని ఆ రెండు పద్ధతుల తేడా ఇక్కడ ధరనే మార్చేస్తుంది. అక్కడక్కడా పొదిగిన బల్ల ఆ హద్దు లోపల ఉండే వీలు ఎక్కువ. నిలువెల్లా తాపడం చేసిన చిన్న పెట్టెకైతే రేకు మందం, చెక్క మందం కొలిచి లెక్క కట్టాలి. 1918కి ముందు నాటి అసాధారణ కళాఖండాలకు వేరే దారి ఉంది, నిపుణులు చూసి సరేనంటేనే.

కొనే పని లేకుండా కన్నుకు తర్ఫీదు ఇవ్వాలనుకునేవారికి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు వస్తువుల ప్రదర్శన ఉంది. అక్కడ బొమ్మల ముఖాలకన్నా ముందు పీఠాల అడుగులూ కోసిన అంచులూ చూడాలి. గీతల వల దాగి ఉండేది ఆ చోట్లలోనే.