లైలా జవాబు

వారం రోజులుగా మా అబ్బాయి గదిలోంచి ఒకటే పాట. "ఏవిట్రా ఆ గోల?" అని కసురుకోబోయి, అందులో "లైలా" అన్న పిలుపు విని ఆగిపోయాను. లైలాయా? మన లైలాయేనా?

అవునట! పన్నెండో శతాబ్దంలో పారశీక కవి నిజామీ చెప్పిన కథే. అది చదివి ఎరిక్ క్లాప్టన్ అనే ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు మజ్నూలో తనని తాను చూసుకున్నాడట. చూసుకోడూ మరి! అతను మనసుపడ్డ పాటీ బాయిడ్, అతని ప్రాణస్నేహితుడూ బీటిల్స్‌లో ఒకడూ అయిన జార్జ్ హారిసన్ భార్య.

1970లో క్లాప్టన్ ముగ్గురు అమెరికన్లని, అంటే బాబీ విట్లాక్, కార్ల్ రేడిల్, జిమ్ గోర్డన్‌లని కలుపుకుని బృందం కట్టాడు. సొంత కీర్తి మోయడం బరువైపోయిందో ఏమో, "డెరెక్ అండ్ ది డామినోస్" అన్న మారుపేరు పెట్టుకున్నారు. ఆగస్టులో మయామీలో రికార్డింగు మొదలైంది. అక్కడ డ్వేన్ ఆల్‌మన్ అనే మరో గిటారు మాంత్రికుడు తోడయ్యాడు. నవంబరులో రెండు రికార్డుల ఆల్బం వచ్చింది. తీరా వస్తే, ఇంగ్లండులో అమ్మకాల జాబితాకే ఎక్కలేదు! 1971లో రెండో ఆల్బం మధ్యలో ఉండగానే తగువులూ, మత్తుమందులూ వాళ్ళని విడదీశాయి. నిండా ఏడాది కాపరం, అంతే. ఆ అక్టోబరులో ఆల్‌మన్ మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడు. డ్రమ్స్ వాయించిన గోర్డన్ మనోవ్యాధితో 1983లో కన్నతల్లినే చంపి, 2023లో ఖైదీగానే కన్నుమూశాడు.

ఇక పాట సంగతి. ఏడు నిమిషాల పైచిలుకు పాటలో మొదటి సగం, ఎవరో మన వాకిట్లో నిలబడి తలుపు బాదుతున్నట్టుంటుంది. ఆ గిటార్లలో ఆవేదన ఉంది, కాదనను. విమర్శకులందరూ ఆ ఆవేదనకే హారతి పట్టారు. తలుపు లోపల ఉన్నావిడ సంగతి ఎవరడిగారు? ఇది తన గురించేనని లోకానికి తెలిసిపోతుందే అన్నది ఆ పాట విన్నప్పుడు తనకొచ్చిన మొదటి ఆలోచన అని పాటీ 2007లో వచ్చిన తన పుస్తకంలో చెప్పుకుంది. ఆ భయం ఆడదానికే అర్థమవుతుంది. 1979లో ఆవిడ క్లాప్టన్‌నే పెళ్ళాడింది. 1989లో విడాకులయ్యాయి. మజ్నూకి లైలా దొరికితే ఏమవుతుందో నిజామీ రాయలేదు. వీళ్ళు బతికి చూపించారు!

మా అమ్మమ్మ చెప్పి చెప్పి చూపించిన సినిమా ఒకటుంది, 1949 నాటి "లైలా మజ్ను". అందులో లైలా భానుమతిగారు. తన పాట తనే పాడుకున్నారు. ఆ లైలాకి ఓ గొంతుంది. ఈ ఇంగ్లీషు లైలాకి అదే లేదనుకుని లేచిపోబోయాను.

అప్పుడు మొదలైంది రెండో సగం. అరుపులు ఆగి పియానో వచ్చింది. మాటల్లేవు. తలుపు ఇవతల కూర్చుని ఒకావిడ నెమ్మదిగా ఆలోచించుకుంటున్నట్టుంది. రికార్డు మీద ఈ పాటకి క్లాప్టన్ పేరూ, గోర్డన్ పేరూ ఉన్నాయి. కాని ఆ పియానో వరస గోర్డన్‌తో కలిసి తాను కట్టిందేననీ, తన పేరు మాత్రం వెయ్యలేదనీ గాయని రీటా కూలిడ్జ్ 2016లో వచ్చిన ఆత్మకథలో రాసింది. బృందంలోని విట్లాక్ కూడా ఆవిడ మాటే బలపరిచాడు.

తీర్పు చెప్పడానికి నేను జడ్జీని కాను, చెవులున్న ఆడదాన్ని. వంటింట్లో కనిపెట్టిన రుచికి ఇంటాయన పేరు పడటం మనం ఎరగనిదా? మొదటి సగం మజ్నూ మొర అయితే, రెండో సగం లైలా జవాబు. ఆ జవాబే లేకపోతే ఇది మరో అరుపుల పాటగానే మిగిలేది.

ఇప్పుడు మావాడు పాట సగంలో ఆపబోతే వంటింట్లోంచి నేనే కేకేస్తున్నాను. "ఒరేయ్, ఆగు! ఆవిడ మాట కూడా విననీ!"