కుడుముల వేళకు కంభం చెరువు

పొద్దు నల్లమల వైపు వాలుతుండగా కంభం చెరువు కట్ట ఎక్కితే ముందుగా పలకరించేది గాలి. పగలంతా అర్ధవీడు చేలల్లో, గిద్దలూరు దారిలో, మార్కాపురం పలకల గనుల దగ్గర కాగి కాగి ఉన్న గాలే అది. ఏడు కిలోమీటర్ల పొడవున్న నీళ్ల మీదుగా నడిచి వచ్చేసరికి దాని కోపమంతా దిగిపోయి ఉంటుంది. చొక్కా పై గుండీ విప్పుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా ఆ చల్లదనానికి అప్పజెప్పి నిలబడతాం. చెరువమ్మా, నీ సాయంకాలానికి దండం పెట్టి ఈ నాలుగు మాటలూ మొదలుపెడుతున్నాను.

నీళ్లున్న ఊళ్లన్నిటికీ సాయంకాలం మీద మక్కువ ఎక్కువ. షాంఘైలో హువాంగ్‌పు నది మీద దీపాల పడవలు తిరుగుతాయి, పడవ దిగిన జనం వెదురు బుట్టల్లో ఆవిరికి ఉడికిన పిండి మూటల చుట్టూ చేరతారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ నడుమ నిలిచిన బుద్ధుడి దాకా పడవ పోతుంది. బెజవాడవాళ్లు పిల్లాజెల్లాతో భవానీ ద్వీపానికి దాటుతారు. నాగార్జున సాగర్ నుంచి శ్రీశైలం దాకా నల్లమల కొండల మధ్య లాంచీలో పోయినవాళ్లు ఆ ముచ్చట ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. పడమటి ప్రకాశంలో పుట్టిన మాకు నువ్వున్నావు. పొద్దు వాలాక నీ మీద పుట్టిలో ఓ గంట, చీకటి పడ్డాక కట్ట కింది ఇంట్లో ఆవిరి కక్కే కుడుములు. ఏ దేశపు విహారాన్నీ దీని పక్కన పెట్టి తూచాలని నాకు అనిపించదు.

నిన్ను చేరే దారి కూడా నీ మహిమలో భాగమే. అర్ధవీడులో మధ్యాహ్నం దాటాక బయల్దేరితే దారి పొడవునా కనబడేదంతా నీళ్లకు మొగం వాచిన నేల. కంది, పత్తి, మిరప, అక్కడక్కడ సజ్జ. బోరు ఎంత లోతుకు దిగిందో రైతును అడగక్కర్లేదు, అతని మొహం చూస్తే తెలుస్తుంది. మా దగ్గర ఎండాకాలం అంటే ట్యాంకరు కోసం కాచుకున్న బిందెల వరస. కొన్ని ఊళ్లలో ఆ కాస్త బోరు నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, పళ్లు గారకట్టిన పిల్లలు, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఆ నీళ్లే తాగుతూ బతికారు. ఈ సీమలో పెరిగినవాడు గ్లాసు అడుగున మిగిలిన నీళ్లు కూడా ఊరికే పారబోయడు, చెట్టు మొదట్లో పోస్తాడు. అట్లాంటి కళ్లతో చూస్తేనే నువ్వు పూర్తిగా కనబడతావు.

దారిలో జంపలేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని నిండా ఇసకా రాళ్లే. కొండల్లో వాన దంచిన రోజున మాత్రం ఎర్రగా, అరుచుకుంటూ దిగుతుంది. అప్పుడు ఈ గట్టున మేమూ ఆ గట్టున వాళ్లూ నిలబడి చూడ్డమే. అంత తొందరా దానికి ఎందుకంటే నీ దగ్గరికి రావాలని. గుండ్లకమ్మతో చెయ్యి కలిపి నీలో చేరుతుంది. మా కొండల మీద కురిసిన వాన నీ కడుపులో ఉంది కాబట్టే, నీ దగ్గరికి వస్తే పరాయి ఊరికి వచ్చినట్టు ఉండదు నాకు.

ఇక గుండ్లకమ్మ సంగతి. గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర నల్లమల ఎత్తుల్లో పుట్టి, పులులు తిరిగే అడవిలోంచి, చెంచుగూడేల పక్కనించి దిగి వస్తుంది. నెమలిగుండ్ల రంగనాయక స్వామి గుడి దగ్గర, కొండ సందులో, నెమలి ముక్కుతో తవ్విందని చెప్పే గుండంలో కాసేపు ఆగుతుంది. శనివారం రంగనాయకుణ్ణి చూడబోయిన జనమంతా ఆ గుండంలో కాళ్లు తడుపుకునే వస్తారు. అక్కణ్ణుంచి అడవి వదిలి మైదానంలోకి అడుగు పెట్టే చోట నువ్వు దాన్ని ఒడిసి పట్టుకున్నావు.

రెండు కొండలు దగ్గర దగ్గరగా వచ్చి, ఏరు దూరేంత సందు మాత్రం వదిలాయి. ఆ సందు ముందు నిలబడి, ఇక్కడే కట్టాలి అని ఎవరో అనుకున్నారు చూడు, ఆ చూపుకు మొక్కుతాను. గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఈ చుట్టుపక్కల ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. ఆ లెక్కన ఐదు వందల ఏళ్లుగా ఈ కట్ట నీళ్ల బరువు మోస్తూ ఉంది. ఇంగ్లీషు దొరల కాలపు గెజిటీర్ నీ కట్ట ఎత్తు 57 అడుగులని రాసుకుంది, 430 చదరపు మైళ్ల మీద కురిసిన వాన నీకు చేరుతుందని, 10 వేల ఎకరాలకు పైగా నీ కింద తడుస్తుందని లెక్క తీసింది. సిమెంటు లేని రోజులు, పొక్లెయిన్ లేని రోజులు. మట్టి తట్టలు, బండరాళ్లు, మనుషుల వెన్నెముకలు. రాణి పేరు నిలిచింది, సంతోషం. తట్టలు మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఈ మొక్కులో వాళ్ల వాటా వాళ్లకు ముట్టాలి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ నిన్ను ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. పోరుమామిళ్ల చెరువుకూ కర్నూలు-కడప కాలువకూ అదే ఏడు ఆ గౌరవం దక్కింది. చదివి గుండె పొంగింది. నీ ఆయకట్టు రైతు మాత్రం ఆ బిరుదు రాకముందు నుంచీ తూము తీసే రోజున కొబ్బరికాయ కొడుతూనే ఉన్నాడు.

కంభం ఊళ్లో తిరగడానికి ఎక్కువ సేపు పట్టదు. బస్టాండు, పూల బుట్టలు, బజ్జీల మూకుడు ముందు మూగిన కాలేజీ పిల్లలు, గుంటూరు-గుంతకల్లు లైను మీద ఆగీ ఆగకుండా పోయే రైలు. ఆ సందడి దాటుకుని కట్ట దిగేసరికి, కట్ట కింద కాపురముండి చెరువులో చేపలు పట్టే మా మామ పుట్టి దగ్గర సిద్ధంగా ఉంటాడు.

పుట్టి ఎక్కడం అందరికీ అలవాటైన పని కాదు. దానికి ముందూ వెనకా లేవు. వెదురు బద్దల అల్లిక, దాని కింద తారు పూసిన పట్ట, లోపల తడిసిన వల, ఒక తెడ్డు. అడుగు పెట్టగానే అది ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. "నడిమధ్యన కూసో అల్లుడూ, పక్కకు ఒరగబాక," అంటాడు మామ. ఆయన మాత్రం అంచు మీదే గొంతుక్కూర్చుని, తెడ్డును ఒకసారి అటు, ఒకసారి ఇటు వేస్తూ, తిరగాలని చూసే పుట్టిని తిరగనివ్వకుండా లోపలికి తీసుకుపోతాడు. నలభై బారలు పోయాక కట్ట మీది మాటలు వినబడవు. నీళ్లు అడుగున తట్టే చప్పుడు, తెడ్డు నుంచి జారే చుక్కలు, అంతే.

చెరువమ్మా, ఆ ఘడియలో నీ రంగులు ఎన్నని చెప్పను! కొండ అంచుకు సూర్యుడు తాకేదాకా రాగి. తాకిన క్షణం నుంచి కుంకుమ. అటు తిరిగి ఇటు తిరిగేలోపు వంకాయ రంగు. ఎండిన తుమ్మ మోడు మీద నీటికాకి రెండు రెక్కలూ బార్లా చాచి ఆరబెట్టుకుంటూ ఉంటుంది, పుట్టి మూరెడు దూరంలోంచి పోయినా కదలదు. కొంగలు బారుకట్టి కొండ వైపు మళ్లుతాయి. మామ వల ఒక కొస పైకి తీసి చూస్తాడు. వేలెడంత చేప పిల్ల ఉంటే విప్పి నీళ్లలో వదిలేస్తాడు. బొచ్చె పడితే దాన్ని చూసి ఒక్క మాటా మాట్లాడడు, పెదాల చివర చిన్న నవ్వు. ఆయన సంసారాన్ని నడిపేది నువ్వే మరి.

అన్నిట్లోకీ వినాయక చవితి నాటి సాయంకాలం వేరు. ఆ రోజు చంద్రుణ్ణి చూడకూడదు కదా. పాలలో నీడగా కనబడిన చంద్రుణ్ణి చూసినందుకే కృష్ణుడంతటివాడికి శమంతకమణి నింద తప్పలేదు. చవితి చంద్రుడు పొద్దు కుంకగానే పడమట, సరిగ్గా నల్లమల నెత్తిన సన్నగా వేలాడుతుంటాడు. పైకి చూడకుండా ఉండొచ్చు, తల దించుకుంటే సరి. పుట్టిలో కూర్చున్నవాడు తల దించితే కింద నువ్వున్నావు, నీలో వాడున్నాడు! తెడ్డు పడ్డప్పుడల్లా ముక్కలై, మళ్లీ అతుక్కుని, పుట్టి వెంటే వస్తాడు. "పొద్దున కథ విని అచ్చింతలు ఏసుకున్నావా?" అని అడుగుతాడు మామ. వేసుకున్నానంటే, "అయితే బయం లేదులే, సూడు," అని తెడ్డు ఆపేస్తాడు. పుట్టి తన ఇష్టానికి తాను నెమ్మదిగా తిరుగుతుంటే, చంద్రుడు మా చుట్టూ ప్రదక్షిణం చేసినట్టుంటుంది. కథ విన్న పుణ్యాన ఎంతసేపు చూసినా ఏ నిందా రాని చంద్రుడు, నీ నీళ్లలో!

ఒడ్డుకు వచ్చేసరికి ఆకలి కరకరలాడుతుంటుంది. కట్ట దిగి, పొలం గట్టు మీద నడిచి, అత్త వాకిట్లోకి అడుగు పెడితే పొయ్యి మీంచి వచ్చే వాసనే మొదట ఎదురొస్తుంది.

కుడుముల విషయంలో అత్త ఎవరి మాటా వినదు, వినకపోవడమే మంచిదైంది. బియ్యం కడిగి, నీడన ఆరబెట్టి, తిరగలిలో తనే రవ్వ విసురుతుంది. ఎసరులో నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు పడతాయి. ఎసరు తెర్లేటప్పుడు ఒక చేత్తో రవ్వ పోస్తూ రెండో చేత్తో తిప్పుతుంది, ఉండ కట్టనివ్వదు. ఉడికిన ముద్దను పళ్లెంలోకి తిరగేసి, చెయ్యి కాలీకాలనంత వేడి ఉండగానే, నెయ్యి రాసుకున్న అరచేతిలో గుండ్రంగా చేసి బొటనవేలితో నడుమ చిన్న నొక్కు నొక్కుతుంది. ఆవిరి లోపలిదాకా పోవాలంటే ఆ నొక్కు ఉండాలట. ఇడ్లీ పాత్ర ఇంట్లో ఉన్నా కుడుములకు వాడదు. ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దాని మీద కుడుములు పేర్చి పైన పళ్లెం బోర్లిస్తుంది. దించిన కుడుమును తిప్పి చూస్తే అడుగున ఆ గుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది, దారం దారం లెక్కపెట్టొచ్చు. విరిస్తే లోపలినుంచి పొగ. పక్కన అల్లం పచ్చడి, గరిటెడు నెయ్యి. పిల్లల కోసం జిల్లేడుకాయలు కూడా ఉంటాయి, కొబ్బరీ బెల్లం కూరి అర్ధచంద్రంలా మడిచి అంచులు వేళ్లతో నొక్కినవి. పిల్లల కోసమన్న మాటే గానీ మామ చెయ్యి ముందు వాటి మీదకే పోతుంది. మా అర్ధవీడు ఇంట్లో కొర్రల రవ్వతోనూ కుడుములు చేసేవాళ్లు. గరుకుగా, మట్టి వాసనతో అవీ బాగుంటాయి. వరి కుడుము మెత్తదనం మాత్రం నీ కింది ఊళ్ల సొత్తు.

అక్కడ, ఆ పీట మీద కూర్చుని తింటున్నప్పుడు నువ్వు నాకు రెండోసారి దర్శనమిస్తావు. గుండ్ల బ్రహ్మేశ్వరంలో కురిసిన చినుకు అడవి దాటి, నెమలిగుండంలో ఆగి, జంపలేటితో కలిసి, నీలో కొన్నాళ్లు నిద్రపోయి, తూములోంచి బయటపడి, పిల్లకాలువ పట్టి ఈ ఇంటి వెనక మడిలోకి వచ్చింది. వరి వెన్నులో పాలై, గింజై, తిరగలిలో రవ్వయింది. ఇప్పుడు అదే నీళ్లు గిన్నె అడుగున మరిగి ఆవిరై, ఆ రవ్వనే ఉడికించి నా పళ్లెంలోకి పంపాయి. గంట కిందట నన్ను మోసిన దానివి, ఇప్పుడు నేను నమిలి మింగుతున్నదీ నువ్వే. బొజ్జ గణపయ్య పళ్లెం నిండా కుడుములు పెట్టించుకునేది నేతి రుచికే అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. నీ ఒడ్డున తిన్నాక అనిపించింది, ఆయన అడిగేది వానకూ మట్టికీ చెరువుకూ కట్టకూ కలిపి ఒక్క ముద్దగా చేసిన నైవేద్యం.

నిండని ఏళ్లు నీకూ ఉన్నాయి. నీ అడుగు బీటలు వారి, ఆ బీటల్లో గడ్డి మొలిచి, గొర్రెలు మేసిన ఏళ్లు. మామ పుట్టిని ఇంటి గోడకు బోర్లా ఆనించి కూలికి పోయిన ఏళ్లు. అప్పుడు అత్త కొన్న బియ్యంతోనే కుడుములు చేసింది, చేశాక ఎవరూ రుచి గురించి మాట్లాడలేదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లు తేవాలని, పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టులో, నల్లమల కడుపులోంచి ఒక్కొక్కటీ 18 కిలోమీటర్లకు పైగా పొడవున రెండు సొరంగాలు తొలిచారు. 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు బడికి పోయిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఆ నీళ్లు రావాలి, మా మెట్ట చేలన్నీ తడవాలి. నీతో పాటు బతికే ఈ సీమ మొత్తానికీ అది హక్కు.

ఈ లోపల మబ్బుల మీదే మన భారం. అలుగు పారిన రోజు ఫోను చెయ్యమని మామకు చెప్పి ఉంచాను, అర్ధవీడు నుంచి అందిన బండి ఎక్కేస్తాను. అత్త రవ్వ ముందుగా విసిరి పెట్టుకోదు, ఏ రోజుది ఆ రోజే. కాబట్టి తల్లీ, పొంగేది పొద్దున్నే పొంగు. బియ్యం ఆరడానికి ఒక పూట కావాలి.