సెర్వియస్ వ్యాఖ్య: 22 పంక్తుల వివాదం

లాటిన్ కవి వర్జిల్ క్రీ.పూ. 19లో మరణించాడు. అప్పటికి ‘ఈనియడ్’ కావ్యం పూర్తి కాలేదు. సగంలో ఆగిపోయిన పాదాలే అందులో 50కి పైగా ఉన్నాయి. దాదాపు నాలుగు శతాబ్దాల తరవాత, రోమ్‌లో వ్యాకరణ పండితుడైన సెర్వియస్ ఈ కావ్యానికి వ్యాఖ్య రాశాడు. ఆయన బడిపంతులు. పదం పదం విడదీసి అర్థం చెబుతాడు, వ్యాకరణం తప్పినట్లు కనిపించిన చోట అలంకారమని సమర్థిస్తాడు. కథ మొత్తం ఎటు పోతోందన్న దానిపై ఆయనకు శ్రద్ధ తక్కువ. ఇంతకన్నా ముందువాడైన డొనాటస్ వ్యాఖ్యలో చాలా భాగం నశించింది కనుక మనకు సెర్వియసే దిక్కు.

ఇక అసలు విషయానికి వద్దాం. రెండవ సర్గలో ట్రాయ్ తగలబడుతుంటే, వెస్టా ఆలయంలో దాక్కున్న హెలెన్‌ను చూసి ఈనియస్ చంపబోతాడు. 567 నుంచి 588 వరకు ఉన్న ఈ పంక్తులు ప్రాచీనమైన ప్రధాన ప్రతుల్లో లేవు. సెర్వియస్ వ్యాఖ్యలోనే దొరికాయి. కవి మరణానంతరం కావ్యాన్ని పరిష్కరించిన వారియస్, టుక్కా వీటిని తీసేశారని ఆయన అంటాడు. కారణాలు రెండు చెబుతాడు. వీరుడు స్త్రీపై కోపగించడం సిగ్గుచేటన్నది ఒకటి. ఆరవ సర్గలో హెలెన్ గురించి చెప్పిన కథకు ఇది విరుద్ధమన్నది రెండోది.

మొదటి కారణం నిలవదు. స్త్రీని శిక్షించడంలో కీర్తి లేదని ఆ పంక్తుల్లో ఈనియసే ఒప్పుకుంటాడు. పంతులుగారు దాన్ని పట్టించుకోలేదేమో! రెండోది బలమైనదే. ఆరవ సర్గలో హెలెన్ కోటపై నుంచి దివిటీతో గ్రీకులను పిలిచింది, డెయిఫోబస్ ఇంట్లోకి భర్తను రానిచ్చింది. అలాంటి మనిషి గ్రీకులకు భయపడి గుడిలో ఎందుకు దాక్కుంటుంది?

అలాగని ఈ పంక్తులను తీసేసి చదవండి. వీనస్ హఠాత్తుగా ప్రత్యక్షమై కొడుకును ఆపుతుంది, తప్పు హెలెన్‌ది కాదు, దేవతలదంటుంది. ఎవరూ హెలెన్ ఊసెత్తకుండానే ఈ మాటెందుకు? అంటే అక్కడ ఏదో ఉండాలి. ఈ పంక్తులు వర్జిల్ చిత్తుప్రతిలోనివని కొందరు, ఖాళీ పూరించడానికి మరొకరు రాసినవని మరికొందరు వాదిస్తారు. ఖాళీ వర్జిల్ వదిలినదే అనడానికి నేను సందేహించను. పూరణ ఆయనదేనని మాత్రం సెర్వియస్ ఒక్కడి మాట మీద నమ్మలేను. పలు ఆధునిక ముద్రణల్లో ఈ పంక్తులు కుండలీకరణాల మధ్య కనిపిస్తాయి. ఆరవ సర్గలో డెయిఫోబస్ చెప్పే కథను పక్కన పెట్టుకుని మీరే చదివి చూడండి.