ఐదు నెమలి ఈకలు: కనఫానీ నవలికలో గృహభావన

‘కాందిశీకుడు’ అంటే ఏ దిక్కుకు పోదునా అని పరుగెత్తేవాడని వ్యుత్పత్తి చెబుతారు. పాలస్తీనా రచయిత ఘస్సాన్ కనఫానీ 1969లో వెలువరించిన అరబ్బీ నవలిక ‘ఆయిద్ ఇలా హైఫా’ కథానాయకుడు సయీద్‌కు ఈ మాట సగమే వర్తిస్తుంది. 1948 ఏప్రిల్‌లో హైఫా పతనమైన రోజున అతడు జనప్రవాహంలో దిక్కుతోచక ఓడరేవు వైపు కొట్టుకుపోయినవాడే. పసికందు ఖల్దూన్ ఇంట్లోనే ఉండిపోయాడు. 1967 యుద్ధానంతరం భార్య సఫియాతో కారులో తిరిగివచ్చేసరికి దిక్కులన్నీ అతనికి తెలుసు. వీధుల పేర్లు, మలుపులు వాటంతటవే గుర్తుకొస్తాయి. అయినా తన ఇంటి ముందు నిలబడి, పరాయివాడిలా గంట నొక్కవలసివస్తుంది.

నవలికలో అత్యంత బలమైన ఘట్టం ఆ తర్వాతిదే. హాలులో తాము ఉంచిన నెమలి ఈకలు ఏడు, ఇప్పుడున్నవి ఐదు. ఇల్లే పోయినవాడు రెండు ఈకల గురించి అడగడం మొదట వింతగా తోస్తుంది. కాని సయీద్ మనసులో ఆ ఇల్లు 1948లోనే ఆగిపోయింది. ఇక్కడ మాత్రం ఇరవై ఏళ్ల కాపురం జరిగింది. ఈకలతో డోవ్ చిన్నప్పుడు ఆడుకొని పోగొట్టి ఉంటాడంటుంది మిరియం. డోవ్ అంటే ఆమె పెంచుకున్న ఖల్దూనే. సయీద్ జ్ఞాపకానికి లోటు చేసింది అతని కన్నకొడుకే కావచ్చు!

పోలెండ్ నుంచి వచ్చిన యూదు స్త్రీ మిరియంను కనఫానీ దోషిగా చిత్రించలేదు. ఆమె తండ్రి ఆష్‌విట్జ్‌లో మరణించాడు. హైఫాలో ఒక అరబ్బు బాలుడి శవాన్ని లారీలోకి విసిరివేయడం చూసి, ఈ దేశం విడిచిపోదామనుకున్న మనిషి ఆమె. ఒకే గదిలో ఇద్దరు నిర్వాసితులను ఎదురెదురుగా కూర్చోబెట్టగలగడం సామాన్య విషయం కాదు.

సైనిక దుస్తుల్లో డోవ్ ప్రవేశించాక సంభాషణ వాదోపవాదమవుతుంది. పాత్రల వెనుక రాజకీయ కార్యకర్త కనఫానీ గొంతు వినిపిస్తుంది. స్వదేశమంటే గతం మాత్రమే అనుకోవడం తమ పొరపాటని, మరో కొడుకు ఖాలిద్‌కు అది భవిష్యత్తని సయీద్ నిర్ణయిస్తాడు. ఈ నిర్ణయం కన్నా అది వెలువడిన తీరు నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. స్వదేశమంటే ఏమిటని అతడు సఫియాను అడుగుతాడు, జవాబు తానే చెబుతాడు. ఆ రోజు భర్తను వెతుక్కుంటూ బయటికి వెళ్లి, బిడ్డ దగ్గరకు తిరిగి చేరలేకపోయిన తల్లి ఆమె. ఇల్లంటే ఆమెకేమిటో నవలిక కన్నీళ్లతోనే సరిపెట్టింది. తిరుగు ప్రయాణంలో రమల్లా సమీపించేదాకా ఇద్దరూ మౌనంగానే ఉంటారు. ఆ మౌనం తర్వాత మాట్లాడేదీ సయీదే.