సెల్‌ఫోన్ పట్టుకున్న హోమ్స్

పాత డిటెక్టివ్ కథను ఈ కాలానికి తెచ్చేవాళ్లలో చాలామంది గుర్రబ్బండి తీసేసి కారు పెడతారు, టోపీ తీసేసి జుట్టు దువ్వుతారు, అక్కడితో చేతులు దులుపుకుంటారు. 2010 జూలైలో బీబీసీ మొదలుపెట్టిన ‘షెర్లాక్’ కూడా ఆ బాపతేననుకుని కూర్చున్న హోమ్స్ అభిమానికి మొదటి ఎపిసోడ్ సగానికి రాకముందే అనుమానం తీరిపోతుంది. తీర్చేది వాట్సన్ జేబులోని ఫోను.

ఆ ఫోను పూర్వజన్మలో గడియారం. 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ మొదట్లో వాట్సన్ తన జేబు గడియారం హోమ్స్ చేతికిచ్చి, దీని పాత సొంతదారు ఎలాంటివాడో చెప్పమంటాడు. కీ ఇచ్చే కన్నం చుట్టూ గీతలు: తాగిన చెయ్యి వణికింది. మూత లోపల తాకట్టు వ్యాపారులు గీకిన నంబర్లు: చేతిలో డబ్బు నిలవలేదు. అంచుల మీద నొక్కులు: చిల్లరతో, తాళాలతో కలిపి జేబులో పడేసే మనిషి. వాట్సన్ అన్నయ్య జీవితం, చావు మొత్తం బయటికొచ్చేస్తాయి.

టీవీలో ఈ లెక్కంతా టాక్సీలో జరుగుతుంది. ఫోను మీద అవే చిల్లర గీతలు. చార్జర్ గుచ్చే చోట అదే వణికిన చెయ్యి. వెనకవైపు హ్యారీ వాట్సన్‌కి క్లారా ఇచ్చినట్టు చెక్కి ఉంది. ఖరీదైన కానుకను వదిలించుకున్నాడంటే పెళ్లాంతో తెగిందన్నమాట, వాట్సన్‌కి అన్న గానీ తమ్ముడు గానీ అయి ఉండాలంటాడు హోమ్స్. అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. హ్యారీ అంటే హ్యారియెట్, ఆడమనిషి! పుస్తకం చదివాం కదా అని ధీమాగా ఉన్న ప్రేక్షకుడు కూడా హోమ్స్‌తో పాటే బోల్తా పడతాడు.

చదివినవాళ్లను కవ్వించడం ఈ సీరియల్‌కి సరదా. 1887 నాటి మొదటి నవలలో గోడ మీద నెత్తుటితో ‘RACHE’ అని ఉంటుంది. ఎవరో రేచెల్ పేరు సగంలో ఆగిందని పోలీసు అంటే, కాదు, జర్మన్‌లో పగ అని అర్థం అంటాడు హోమ్స్. టీవీలో ఓ స్త్రీ శవం పక్కన అదే మాట కనిపిస్తుంది. ఆ జర్మన్ సంగతి ఫోరెన్సిక్ ఉద్యోగి గొప్పగా చెప్పబోతే హోమ్స్ అతని మొహం మీదే తలుపేస్తాడు. చనిపోయినామె రాయబోయింది రేచెల్ అనే!

ఇలాంటి కొంటెతనం మూలకథలు కంఠతా వచ్చినవాళ్లకే సాధ్యం. సీరియల్ సృష్టికర్తలు స్టీవెన్ మోఫట్, మార్క్ గేటిస్ ‘డాక్టర్ హూ’ పని మీద కార్డిఫ్‌కి రైల్లో తిరుగుతూ ఈ ఆలోచన చేశారు. బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా 1942 నుంచి వచ్చిన సినిమాలంటే ఇద్దరికీ ఇష్టం. వాటిలో హోమ్స్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీల వెంట పడ్డాడు కాబట్టి, అపచారం అని గొడవ చేయదలిస్తే అప్పుడే చేసి ఉండాల్సింది. ఇక వాట్సన్ అఫ్గాన్ యుద్ధంలో గాయపడి ఇంటికొచ్చిన డాక్టరన్న సంగతి. నూట పాతికేళ్లు గడిచినా అందులో ఒక్క ముక్క మార్చాల్సిన పని పడలేదు, చరిత్ర పుణ్యమా అని.

హోమ్స్‌కి ఉత్తరం కంటే టెలిగ్రామ్ ముద్దు. అందుకే బెనెడిక్ట్ కంబర్‌బాచ్ హోమ్స్ మాట్లాడ్డం కంటే మెసేజ్ కొట్టడానికే మొగ్గుతాడు. దర్శకుడు పాల్ మెక్‌గిగన్ ఆ మెసేజ్‌లను ఫోన్ తెర మీద కాక మనుషుల పక్కనే గాల్లో రాయించాడు. పోలీసుల ప్రెస్‌మీట్‌లో విలేకరుల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగి ‘తప్పు!’ అనే మాట గదంతా తేలుతుంది. పంపిందెవరో వేరే చెప్పాలా?

అన్నిచోట్లా ఇంత తెలివి లేదు. 1891 కథలో ఐరీన్ ఆడ్లర్ హోమ్స్‌ని ఓడించి, అతను చేజిక్కించుకోవాలని చూసిన ఫొటో తన దగ్గరే ఉంచుకుని దర్జాగా వెళ్లిపోతుంది. 2012 జనవరిలో వచ్చిన ఎపిసోడ్‌లో ఫొటోలు ఆమె ఫోన్‌లో ఉంటాయి. హోమ్స్ దాని పాస్‌వర్డ్ పట్టేస్తాడు, చివర్లో ఆమె ప్రాణాలూ తనే కాపాడతాడు. మూలకథల రచయిత, విక్టోరియా కాలపు డాయిల్ ఆమెకిచ్చిన గెలుపును 21వ శతాబ్దం వెనక్కి లాక్కుందంటే ఏమనుకోవాలి?

2017 నాటి నాలుగో సీజన్‌కొచ్చేసరికి గీతలు, మరకలు, మడతలు చూసే ఓపిక రచయితలకే పోయినట్టుంది. ఆఖరి ఎపిసోడ్‌లో దీవి మీద జైలు, ఎన్నడూ వినని చెల్లెలు, బాంబు... ప్రేక్షకుడు హోమ్స్‌తో పోటీపడి ఆలోచించడానికి చేతికి ఒక్క ఆధారమైనా దొరకదు. స్పెషల్‌తో కలిపి మొత్తం 13 ఎపిసోడ్‌లలో మళ్లీ మళ్లీ చూడదగ్గవి మొదటిదీ, హోమ్స్ బార్ట్స్ ఆస్పత్రి మీంచి దూకే రెండో సీజన్ చివరిదీ. బాస్కర్‌విల్ కుక్క కథను సైనిక పరిశోధన కేంద్రానికి మార్చినదాన్ని, క్లైమాక్స్‌ని క్షమించగలిగితే, మూడోదిగా కలుపుకోవచ్చు.